మెస్ హాల్లో హంగేరీ సినిమా

పెళ్ళికి ముందు మావారు బెజవాడలో ఒక చిన్న వారపత్రికలో పనిచేసేవారు. ఎమర్జెన్సీ రోజులవి. అచ్చుకు వెళ్ళేముందు ప్రతి పేజీ ఒక ఆఫీసరు చూసి సంతకం పెట్టాలి. ఒక వారం మావారు రాసిన సంపాదకీయం మొత్తం కొట్టేశాడా ఆఫీసరు. ఆ చోట్లో వంటల శీర్షిక ఏదైనా వేసెయ్యమన్నాడు యజమాని. ఈయన వెయ్యలేదు. ఆ చోటంతా తెల్లగా వదిలేసి అచ్చుకు పంపారు.

నేనప్పుడు గుంటూరులో బీఏ చదువుతున్నాను. ఆ తెల్లపేజీ మా హాస్టలుకీ వచ్చింది. అందరం దాన్ని చేతులు మార్చుకుంటూ, ఏమీ లేని కాగితాన్ని ఎంతసేపో చూశాం. తరవాత కొన్నాళ్ళకి పెళ్ళిచూపులకి వచ్చిన మనిషి అదే పత్రికలో పనిచేశాడని తెలిసి, "ఆ పేజీ వదిలింది మీరేనా?" అని అందరిముందూ అడిగేశాను. అవునన్నట్టు తలూపారు. మా అమ్మ కాఫీ తెచ్చేలోపే నేను మనసులో ఒప్పేసుకున్నాను.

పత్రిక మూతపడ్డాక ఆయనకి ఖతార్‌లో ఉద్యోగం దొరికింది. చమురు ధర పెరిగి, దోహాలో ఎటు చూసినా తవ్వడమో కట్టడమో జరుగుతున్న కాలం. కట్టడాల కంపెనీ ఒకటి కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి మనుషుల్ని గుంపులుగా తెచ్చింది. వాళ్ళ భాష వచ్చినవాడు ఒకడుండాలి కాబట్టి ఈయన్ని వెల్ఫేర్ ఆఫీసరుగా తీసుకున్నారు. క్యాంపులో నీళ్ళు రాకపోయినా, ఎవరికైనా జ్వరమొచ్చినా, ఊళ్ళో ఎవరో పోయారని టెలిగ్రాం వచ్చినా ఈయనే చూసుకోవాలి. మాకు ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక పాత ఇంటి మేడమీద రెండు గదులిచ్చారు.

కింది వాటాలో హంగేరీ దేశపు పెద్దాయన ఒకడుండేవాడు. కన్సల్టెంట్ల ఆఫీసులో ఫోటోగ్రాఫరు. కట్టడం ఎంతదాకా వచ్చిందో నెలనెలా ఫోటోలు తీసి లండనుకి పంపడం ఆయన పని. ఒంటరివాడు. ఎప్పుడో తన దేశం నుంచి వియన్నాకి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదని చెప్పేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. ఆయన దగ్గర ఒక సినిమా ప్రొజెక్టరుంది. శుక్రవారం సెలవు కదా, మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని వ్యానులో వేసుకుని మావారితో క్యాంపుకొచ్చేవాడు. మెస్ హాలు కిటికీలకి కంబళ్ళు కట్టి చీకటి చేసేవారు. సున్నం వేసిన గోడే తెర. బొంబాయి నుంచి హిందీ సినిమాలు వచ్చేవి. పాటలొస్తే ఈలలు, అమ్మ చచ్చిపోయే సీనొస్తే ముక్కు చీదుళ్ళు. వారమంతా ఎండలో ఇనుము మోసిన మనుషులు ఆ కాసేపటి కోసం ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చేవారు. నేనూ అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని.

ఒక శుక్రవారం బొంబాయి పెట్టె రాలేదు. విమానాశ్రయంలో ఆగిపోయిందన్నారు. క్యాంపులో అప్పటికే బెంచీలు వేసేసుకున్నారు. పరంజాలు కట్టే జగిత్యాల మనిషి ఒకాయన వ్యాను దగ్గరికొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, క్యాంపులో కుర్రాళ్ళందరూ ఆయన్ని మామా అని పిలిచేవారు.

"బొమ్మ లేదంట గద సారూ? పోరగాళ్ళు పొద్దటి సంది ఎదురు చూస్తున్నరు."

హంగేరీ ఆయనకి మాట అర్థం కాలేదు గానీ ముఖం అర్థమైంది. "నా దగ్గర ఒక సినిమా ఉంది" అన్నాడు మావారితో ఇంగ్లీషులో. "నవ్వొచ్చే సినిమా. మా భాషలో ఉంటుంది, కింద ఇంగ్లీషు అక్షరాలొస్తాయి. మీరు చదివి వీళ్ళకి చెప్పగలిగితే వేద్దాం."

క్యాంప్ బాసుని అడగాలి కదా. ఆయన ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. సైటు మీదా క్యాంపు మీదా ఆయనదే పెత్తనం. పాలిటిక్స్ ఏమైనా ఉందా అని హిందీలో అడిగాడు. "లేదు సార్, రైళ్ళ గురించి" అన్నారు మావారు. సరే అని ముందు వరసలో ఫ్యాను కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. నలుపు తెలుపు బొమ్మ. మంచు పడుతున్న చిన్న ఊరు, అందులో ఒక రైల్వే స్టేషను. ఇకమీదట దేశంలో ఏ రైలూ ఆలస్యంగా రాకూడదని పైనుంచి ఆజ్ఞ వస్తుంది. రైళ్ళేమో ఎప్పటిలాగే ఆలస్యంగా వస్తుంటాయి. పాపం స్టేషన్ మాస్టరు ఏం చేస్తాడు? రైలు వచ్చినప్పుడల్లా నిచ్చెన వేసుకుని స్టేషన్ గడియారం ముల్లు వెనక్కి తిప్పుతాడు. రైలు వేళకే వచ్చినట్టు రాసి పంపుతాడు. మెల్లిగా బడీ, రొట్టెల అంగడీ, చర్చి గంటా అన్నీ ఆ గడియారాన్నే పట్టుకుని నడవడం మొదలుపెడతాయి. పొద్దుగూకే వేళకి ఊరంతా మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటుంది.

మా కంపెనీలో సైరన్ సంగతి ఇక్కడ చెప్పాలి. సైట్లో సైరన్ మోగితే డ్యూటీ అయినట్టు. కాంక్రీటు పోత మధ్యలో ఉంటే వేళయినా సైరన్ మోగేది కాదు. పోత పూర్తయ్యాక మోగేది. అది మోగినప్పుడే సాయంత్రం. సైరన్ మీట క్యాంప్ బాసు చేతిలో ఉండేది. ఈ సంగతి మావారు ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకుని బాధపడ్డారు.

కాబట్టి స్టేషన్ మాస్టరు మొదటిసారి నిచ్చెనెక్కి ముల్లు తిప్పగానే హాల్లో నవ్వు లేచింది. దానికి అనువాదం అక్కర్లేదు. క్యాంప్ బాసు వెనక్కి తిరిగి చూశాడు. మావారి చేతిలో మైకు ఉంది. నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతు అప్పటినుంచి మారిపోయింది.

తెరమీద ఒక హమాలీ తన జేబుగడియారం చూపించి, వేళ తప్పుగా ఉందంటాడు. స్టేషన్ మాస్టరు, "మీ జేబులో ఉన్నది గడియారం కాదు, తిరుగుబాటు" అంటాడు. కింద అక్షరాల్లో నేను చదివాను. మావారు మైకులో, "మీ గడియారం చెడిపోయినట్టుంది, ఎవరికైనా చూపించుకోండి అంటున్నాడు" అన్నారు.

పొరపాటున అన్నారేమో అనుకున్నాను. తరవాతి సీన్లో, "పైవాళ్ళు ఎప్పుడంటే అప్పుడే మధ్యాహ్నం" అని వచ్చింది. "అందరూ భోంచేశారా అని అడుగుతున్నాడు" అన్నారు ఈయన.

నా చెవులు వేడెక్కిపోయాయి. చీకట్లో నా ముఖం ఎవరికీ కనిపించదని తెలిసినా తలొంచుకున్నాను. బెంచీల మీద నవ్వు సన్నగిల్లింది. బొమ్మ ఒకటి చెబుతోంది, మైకు ఇంకొకటి చెబుతోంది. పాపం, తమకే అర్థం కావడం లేదనుకున్నట్టున్నారు. ఎవరో "గిదేం కతరా?" అని గొణిగారు. ప్రొజెక్టరు దగ్గర నిలబడిన హంగేరీ ఆయన ప్రతి మాటకీ తలూపుతున్నాడు. తన సినిమా తెలుగులో వినబడుతోందని ఆయన సంతోషం. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. తెల్లపేజీ వదిలిన మనిషి ఈయనేనా? ఇన్నాళ్ళూ నేను ఎవరితో కాపురం చేస్తున్నాను?

రీలు మార్చడానికి ఆపారు. ఆ మసక వెలుతురులో ఆయన చెవి దగ్గరికి వంగాను.

"ఏమిటండీ అది? అక్కడున్నదేమిటి, మీరు చెబుతున్నదేమిటి?"

"ఊరుకో. ముందు ఎవరు కూర్చున్నారో కనబడటంలా?"

"ఆయనకి తెలుగు రాదు కదా."

"నవ్వు వచ్చు కదా" అన్నారు. తరవాత, "అప్పుడు నా ఒక్కడి ఉద్యోగమే. ఇప్పుడు అలా కాదు. నీకు తెలీదు" అన్నారు.

ఆ మాట నేను వినిపించుకోలేదు. "మైకు ఇలా ఇవ్వండి" అన్నాను.

ఆయన నా వంక ఒక క్షణం చూసి ఇచ్చేశారు.

రెండో రీలు నేను చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. హాస్టల్లో నాటకాలు వేసినదాన్ని, గొంతు మార్చి మార్చి చెప్పాను. పైనుంచి తనిఖీకి మనిషి వస్తున్నాడని తెలిసి స్టేషన్ మాస్టరు కూలీలందర్నీ వరసగా నిలబెట్టి, "ఇప్పుడు టైమెంత?" అని అడుగుతాడు. అందరూ ఒక్క గొంతుతో, "మీరెంతంటే అంత!" అంటారు. నేను ఆ మాట అనగానే హాలు బద్దలయినట్టయింది. బెంచీలు చరుస్తున్నారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు.

"అమ్మా, గా ముచ్చట ఇంకొక్కపారి చెప్పున్రి!" అని అరిచాడు జగిత్యాల మామ.

మళ్ళీ చెప్పాను. అంతే, ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, సైట్లో సైరన్ ఎలా మోగుతుందో అచ్చం అలాగే కూశాడు. క్షణంలో హాలంతా అదే కూత అందుకుంది. నాకు ఒళ్ళు పులకరించింది. నిజం చెబితే ఇలా ఉంటుంది చూడండి అన్నట్టు మావారి వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. ముందు వరసలో లేచి నిలబడిన క్యాంప్ బాసుని చూస్తున్నారు.

బాసు కిటికీ దగ్గరికి వెళ్ళి కంబళిని లాగి పడేశాడు. ఎండ భళ్ళున పడింది. గోడమీద స్టేషనూ, మంచూ, గడియారం అన్నీ చెరిగిపోయి సున్నపు గోడ మిగిలింది. ప్రొజెక్టరు మాత్రం తిరుగుతూనే ఉంది.

"యే క్యా హై?" అన్నాడు బాసు.

"రైలు కూత సార్" అన్నారు మావారు గబగబా హిందీలో. "సినిమాలో రైలొచ్చింది. వీళ్ళు సరదాకి కూశారు."

"మేడమ్ ఏం చెప్పింది?"

"నాకు సరిగా చదవడం రాక తప్పులు చెబుతుంటే తను అందుకుంది. అంతే సార్. తప్పు నాదే."

అంతమంది ముందు నా కోసం తల వంచుకుని నిలబడ్డారు. మైకు నా చేతిలోనే ఉంది. ఇందాకటి గొంతంతా ఏమైపోయిందో.

మర్నాడు రెండు సంగతులు తెలిశాయి. శుక్రవారం సినిమాలు బంద్. జగిత్యాల మామని ఎడారిలో దూరపు సైటుకి పంపిస్తున్నారు. అక్కడ గుడారాలు తప్ప ఏమీ ఉండవు, నీళ్ళ ట్యాంకరొస్తేనే నీళ్ళు. మావారు బాసు గదికి రెండుసార్లు వెళ్ళొచ్చారు. లాభం లేకపోయింది. ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

సాయంత్రం ఇద్దరం కింది వాటాకి వెళ్ళాం, సినిమా సగంలో ఆగిపోయినందుకు హంగేరీ ఆయనకి క్షమాపణ చెబుదామని. ఆయన చక్కెర లేని టీ ఇచ్చాడు. మావారు ముందే చెప్పేశారు, మొదటి రీల్లో తాను మాటలు మార్చి చెప్పానని. ఆయన బాధపడతాడనుకున్నాను. ఆయన తన టీ కప్పు పక్కన పెట్టాడు.

"మా దగ్గర ఆ సినిమాని ఎన్నో ఏళ్ళు డబ్బాలో పెట్టి తాళం వేశారు" అన్నాడు. "తీసినవాడికి మళ్ళీ కెమెరా ఇవ్వలేదు. తరవాతెప్పుడో, బయటి దేశాల్లో చూపిస్తే మనకే మంచి పేరని ఎవరికో తోచింది. నేను అప్పుడు సినిమాలు ఎగుమతి చేసే ఆఫీసులో ఉన్నాను. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి. ఆ కింద అక్షరాలు రాసింది నేనే."

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం.

"సినిమా బయటికి పోవచ్చు, కానీ అది రైళ్ళ గురించే అయి ఉండాలి అన్నారు మావాళ్ళు. మా భాషలో స్టేషన్ మాస్టరు పైవాళ్ళు అనడు, పార్టీ అంటాడు. పార్టీ ఎప్పుడంటే అప్పుడే మధ్యాహ్నం. కూలీలు మీరెంతంటే అంత అనరు. వాళ్ళనే మాట చెబితే ఆ రోజుల్లో జైలుకి పోయేవాణ్ణి. నేను అన్నీ మెత్తబరిచాను. ఎవరూ కత్తి పట్టుకుని నిలబడలేదు. కాఫీ తాగుతూ, సిగరెట్టు కాలుస్తూ చక్కగా రాశాను. తీసినవాడు నా స్నేహితుడు. లండన్లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళ దగ్గర ఈ కాపీ కనబడితే కొనుక్కున్నాను. ఎవరికి వేసి చూపించినా బాగుందంటారు. అందరూ చదివేది నా మాటలే."

మావారు చిన్నగా నవ్వారు. వెక్కిరింపు కాదు. ఒకే జబ్బు ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో కలిసినప్పుడు నవ్వుకునే నవ్వు. ఆ పెద్దాయన కూడా నవ్వాడు. వాళ్ళిద్దరి మధ్యా నేనే ఎటూ కాకుండా కూర్చున్నాను. నిజమని గొంతెత్తి చెప్పినదంతా అప్పటికే ఒకరు కత్తిరించినదట. దానికోసం ఒక మనిషిని ఎడారికి పంపించాను.

లేచేముందు, సినిమా ఆఖరికి ఏమవుతుందని అడిగాను. ఆయన చెప్పాడు.

జగిత్యాల మామ బయల్దేరే రోజు పొద్దున్నే మావారితో క్యాంపుకి వెళ్ళాను. ట్రక్కు దగ్గర తన రేకుపెట్టె పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను క్షమించమనేలోపే ఆయనే అడిగాడు.

"అమ్మా, ఆఖరుకేమైంది? గా టేషన్ మాస్టరు దొరికిండా?"

"లేదు" అన్నాను. "తనిఖీకి వచ్చిన ఆఫీసరు రైలే ఆలస్యంగా వస్తుంది. మాస్టరు ఆయన కళ్ళముందే నిచ్చెనెక్కి ముల్లు తిప్పుతాడు. ఆఫీసరు స్టేషన్ గడియారం చూస్తాడు, తన చేతిగడియారం చూస్తాడు. తన గడియారమే తిప్పుకుంటాడు. అది చూసి ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళందరూ తిప్పుకుంటారు."

నవ్వుతాడనుకున్నాను. "గంతేనా?" అన్నాడు. డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. రేకుపెట్టె పైకెత్తుతూ ఆయన గొంతు తగ్గించాడు. "పోరగాళ్ళు జర కోపంల ఉన్నరమ్మా. మీరు కొన్నాళ్ళు ఇటు రాకున్రి. ఆమెకేం పోయింది, బొమ్మ మనకు పోయింది అంటున్నరు. చిన్నోళ్ళు, ఏమనుకోకున్రి."

ఏమనుకుంటాను? వాళ్ళన్నది నిజమే. ఆ వారం నుంచి శుక్రవారం మధ్యాహ్నాలు నాకు నరకంగా ఉండేవి. ఉతికిన చొక్కాలు వేసుకుని ఆ మనుషులు గదుల్లో మంచాల మీద ఊరికే పడుకుని ఉంటారని తెలుసు. బజారులో మనవాళ్ళు ఎదురైతే నేనే ఇంకో సందులోకి తిరిగేదాన్ని. మావారు మాత్రం నెలల తరబడి బాసు వెంట తిరిగి, నవ్వి, నమస్కారాలు పెట్టి, చివరికి క్యాంపుకి ఒక టీవీ సంపాదించారు. ఆ నమస్కారాలు చూసి నేను ఇదివరకైతే ఏమనుకునేదాన్నో. ఇప్పుడు అనుకునే ముఖం లేదు.

మరుసటి చలికాలం అల్ ముంతజా పార్కు దగ్గర నడుస్తుంటే ఎవరో "అమ్మా" అని పిలిచారు. జగిత్యాల మామ. బాగా నల్లబడ్డాడు, పెదాలు పగిలి ఉన్నాయి. సెలవు మీద ఇంటికి పోతూ సామాను కొనుక్కోవడానికి వచ్చాడట. పక్కన ఇంకో మనిషి. తప్పించుకోవడానికి సందు లేదు.

"అరే, గీ అమ్మనే!" అన్నాడు పక్కవాడితో. "గడియారం బొమ్మ చెప్పింది గీ అమ్మనే."

ఆ మనిషి నాకు రెండు చేతులూ జోడించాడు. నేనేదో మహానుభావురాలినైనట్టు.

"గాడ ఎడారిల రేడియో సుత సరిగ రాదమ్మా. పొద్దుగూకితే చాలు, మామా, గా బొమ్మ చెప్పు అంటరు. చెప్తనే ఉన్న. మీరు చెప్పినయి సగం యాది లెవ్వు, నేనే కలిపిన. ఆఖరుది సుత మార్చిన."

"ఏం మార్చావు?"

"అందరు గడియారం తిప్పుకున్నరంటే మావోళ్ళు ఊకోలే. ఒక్కడు సుత లేడా అన్నరు. అందుకని గా హమాలిని ఉంచిన. ఆడు తిప్పుకోడు. పొద్దు దిక్కు ఒకసారి చూసి ఇంటికి పోతడు. గంతే."

"నా వల్లే కదా నిన్ను అక్కడికి పంపారు, నా మీద కోపం లేదా?" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశాడు.

"మీ వల్లనేంది? సైరన్ కూసింది నేను. మీరు కూయమన్నరా?"

ఆయన గొంతులో ఓదార్పు లేదు, కాస్త కష్టపెట్టుకున్నట్టే ఉంది. ఆయన కూతని కూడా ఇన్నాళ్ళూ నా ఖాతాలోనే వేసుకుని సిగ్గుపడుతూ వచ్చానని అప్పుడు తెలిసింది. అంతకుముందు పడ్డ సిగ్గులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తలెత్తి ఆయన ముఖం చూడలేక, అరిగిపోయిన ఆయన చెప్పుల వైపు చూస్తూ, "పిల్లలకి ఏం కొన్నావు?" అని అడిగాను. గొలుసు కొన్నానని, రేడియో కొన్నానని చెప్పాడు. టాక్సీ రాగానే ఇద్దరూ ఎక్కి వెళ్ళిపోయారు.

రోడ్డవతల కొట్లో టీ తీసుకుంటున్న మావారు వచ్చి, "ఎవరు, మన మామేనా? ఏమన్నాడు?" అని అడిగారు.

ఇంటిదాకా నడిచొచ్చాం. సైరన్ కూసింది తనేనన్నాడని, మెట్లెక్కాక గానీ ఆయనకి చెప్పలేకపోయాను.